వాండా కుట్టు

జనవరి 9, 1993. శనివారం

కారు వచ్చింది. రోమెక్ తన లారీ వెనక గొలుసు కట్టి మా ఇంటి వెనక సందులోకి లాక్కొచ్చాడు. పెద్దమ్మ కొడుకు కాబట్టి లారీకి అద్దె అడగలేదు. సలహాలకీ అడగలేదు. సలహాలే ఎక్కువ ఇచ్చాడు.

డెబ్భై నాటి బ్రిగాండ్. బ్రిగాండ్ అంటే బందిపోటు అని నిఘంటువు చూసి మరీ తెలుసుకున్నాను. ఈ కారు మాత్రం బందిపోట్లు చేతికందినదల్లా ఎత్తుకుపోయాక మిగిలిన ఇల్లులా ఉంది. ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉంది. కింద నేల సగమే ఉంది. వెనక సీట్లో ఎలుకలు తరతరాలుగా కాపురం చేసిన ఆనవాళ్ళున్నాయి. రెండు వేసవులు ఊరగాయల కంపెనీలో దోసకాయ సీసాలకి మూతలు బిగించి సంపాదించి దాచుకున్న డబ్బంతా దీనికే పోయింది.

దీని కోసం గ్యారేజీలోంచి బూషా (మా ఇంట్లో అమ్మమ్మని అలాగే పిలుస్తాం) కారు బయటికెళ్ళి మంచులో నిలబడింది. బూషా వంటింటి కిటికీ తెరిచి, "మనవరాలు చదువుకుంటోందని చర్చిలో అందరికీ చెప్పుకున్నానే. ఇప్పుడు తుప్పు ఏరుకుంటోందని చెప్పుకోవాలా" అంది. కిటికీ మూసేసింది. మళ్ళీ తెరిచి, "భోజనానికి రా" అంది.

నా ప్రణాళిక తేలిక. వసంతానికల్లా బాగుచేస్తాను. వేసవిలో అమ్ముతాను. ఆ డబ్బుతో ఆకురాలు కాలానికి ఆన్ ఆర్బర్ యూనివర్సిటీకి వెళ్ళి రెండేళ్ళు సాహిత్యం చదువుతాను. ఇక్కడి కాలేజీలో సాహిత్యమంటే మంగళవారం సాయంత్రం ఒక్క క్లాసు. అందులో అందరూ నిద్రపోతారు, పాఠం చెప్పే ఆవిడతో సహా.

ఈ వారం నా మాట: పునరుద్ధరణ. పలికితే నోరంతా నిండుతుంది.

జనవరి 10

పునరుద్ధరించడానికి డ్రైవరు వైపు తలుపు తీశాను. తలుపు చేతికి వచ్చేసింది.

జనవరి 24. ఆదివారం

రోమెక్ ఉద్దేశంలో కారుకి ముందు కావలసింది బ్రేకులు. వేగంగా పోవడం ఏ వెధవైనా పోతాడట, ఆగినవాడే మగాడట. నేను ఆడపిల్లనని గుర్తు చేశాను. "అయితే నువ్వు ఇంకా తొందరగా ఆగాలి" అన్నాడు. దీని అర్థం ఏమిటో వాడికీ తెలీదు.

కానీ విషయం నిజమే. బ్రిగాండ్ తయారుచేసినవాళ్ళు పరుగు గురించి రోజంతా ఆలోచించి, ఆగడం గురించి ఆలోచించే వేళకి ఇంటికెళ్ళిపోయినట్టున్నారు. నాలుగు చక్రాలకీ పాతకాలపు, సరిగ్గా పట్టని డ్రమ్ము బ్రేకులే. పాత కార్ల దిబ్బలో, చెట్టుని గుద్దుకున్న ఒక స్టేషన్ వ్యాగన్ నుంచి డిస్క్ బ్రేకులు విప్పుకొచ్చాం. చెట్టుని గుద్దుకున్న కారు బ్రేకులు మంచివని రోమెక్ ఎలా నమ్ముతున్నాడో నేను అడగలేదు.

నేలకి రేకు కొనే స్తోమతు లేదు. మూతపడ్డ పోలిష్ సాసేజి కొట్టు వాళ్ళు తమ బోర్డు ఇచ్చారు. కత్తిరించి బిగించాం. డ్రైవరు సీట్లో కూర్చుని కిందికి చూస్తే "తాజా కెల్బాసా" అని కనిపిస్తుంది.

బ్యాటరీ కింద పెట్టడానికి బూషా కేకు పళ్ళెం సరిగ్గా సరిపోయింది. పళ్ళెం చూశావా అని బూషా అడిగింది. లేదన్నాను. ఇది అబద్ధం కాదు. అదిప్పుడు పళ్ళెం కాదు, కారులో భాగం.

ఫిబ్రవరి 23. పొంచ్కీల మంగళవారం

ఈస్టర్ ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజని ఊరంతా పొంచ్కీల కోసం, అంటే జామ్ పెట్టి వేయించిన బన్నుల కోసం, బేకరీల ముందు వరసకట్టి ఉండగా మా సందులో బ్రిగాండ్ మొదటిసారి తనంతట తాను కదిలింది. అంతకంటే గొప్ప సంగతి, ఆగింది. రోమెక్ పిండిచక్కెర పూసిన వేళ్ళతో బ్రేకుని ముద్దాడినంత పని చేశాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు కూడా చూశాను. పొగవల్లనన్నాడు.

బూషా మెట్ల మీద నిలబడి చూసింది. "చప్పుడు ఎక్కువ, పని తక్కువ. మీ తాత ఇలాగే ఉండేవాడు" అని లోపలికెళ్ళింది. బూషా తాతని అంత ప్రేమగా తలుచుకోవడం ఈ మధ్య ఇదే.

మార్చి 6. శనివారం

పాత సామాన్ల సంతకి వెళ్ళాం. కారు ముందు దీపానికి గాజు ఒకటి కొనడానికి వెళ్ళి ఒక దేవుణ్ణి కలుసుకుని వచ్చాను.

ఆయన పేరు డాక్టర్ లోమాక్స్. వృత్తి పళ్ళు పీకడం. ప్రవృత్తి బ్రిగాండ్ యజమానుల సంఘానికి పెద్ద తీర్పరి కావడం. పళ్ళు చూసే చిన్న గుండ్రటి అద్దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతాడు, కార్ల కింద దూర్చి చూస్తాడు. నేను తీసుకెళ్ళిన ఫోటోలు చూసి, ఇంజను మీద అచ్చు గుద్దిన అంకె చదివి, గొంతు తగ్గించి చెప్పాడు. మా కారు ఆ ఏడాది మొదట్లో తయారైన కొద్ది వాటిల్లో ఒకటి. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉందో యథాతథంగా అలా చేయగలిగితే సంఘం ధ్రువపత్రం ఇస్తుంది. అది ఉంటే గ్రాస్ పాయింట్‌లో ఒక డబ్బున్న పెద్దమనిషి కొంటాడు. ఆయన ధ్రువపత్రం లేని కారు వైపు కన్నెత్తి చూడడు, ఉన్నదాన్ని బేరమాడడు. ఆయన ఇచ్చేది ఆన్ ఆర్బర్‌లో రెండేళ్ళకి సరిపోతుంది. ధ్రువపత్రం లేకపోతే కారు పాత ఇనుము ధరకి కొంచెం పైన.

తరవాత ఆయన బ్రేకుల ఫోటో చూశాడు.

"ఇవి ఎక్కడివి?"

"దిబ్బలోంచి తెచ్చామండి. పాతవి సరిగ్గా ఆగవు కదా."

"ఆగవు," అన్నాడు ఆయన ఆప్యాయంగా. "అలాగే ఆగకూడదు."

ఈ వారం నా మాట: యథాతథం.

మార్చి 7

రోమెక్‌కి ఎలా చెప్పాలి?

మార్చి 13. శనివారం

చెప్పాను. వాడు చాలాసేపు స్పానర్ తుడుచుకున్నాడు.

"అంటే ఆగే బ్రేకులు తీసి ఆగని బ్రేకులు పెట్టాలి."

"యథాతథంగా ఉండాలి."

"నువ్వు రోజుకో మాట నేర్చుకో డానా, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ మాట నన్ను గుద్దకుండా చూసుకో."

మధ్యాహ్నానికల్లా మంచి బ్రేకులు విప్పి, చెడ్డవి బిగించాం. చెడ్డవాటిని బాగా శుభ్రం చేసి, అసలు రంగు వేసి మరీ బిగించాం. ఇప్పుడు బ్రేకు తొక్కితే కారు ఎడమ వైపుకి, ఎవరో పిలిచినట్టు, తిరుగుతుంది. "తాజా కెల్బాసా" కూడా పోయింది. కేకు పళ్ళెం కడిగి అలమారలో పెట్టేశాను. బూషా చూసింది. ఆ పళ్ళెంలో మళ్ళీ కేకు చేయలేదు.

మార్చి 27. శనివారం

ఇంజనుకీ మనుషులకీ మధ్య ఉండే రేకు గోడ మీద ఆనాటి ఫ్యాక్టరీ పెయింటరు రంగు ఎక్కువ కొట్టేవాడు. అది ఒక పక్క కారిపోయేది. సంఘం లెక్క ప్రకారం ఆ చార ఉండాలి. నేను పొరపాటున నున్నగా వేశాను. మళ్ళీ గీకాను.

రెండు రోజులు అట్టముక్కల మీద అజాగ్రత్తని శ్రద్ధగా సాధన చేశాను. రంగు కారాలి, కానీ కావాలని కార్చినట్టు ఉండకూడదు. చివరికి ఒక చార అద్భుతంగా కుదిరింది. రోమెక్‌ని పిలిచి చూపించాను. వాడు తను పనిచేసే కార్ల షాపులో ఇలా చేసినవాణ్ణి మొన్ననే పనిలోంచి తీసేశారని చెప్పాడు.

సాహిత్యం పరీక్ష సోమవారం. చదవలేదు. చార బాగుంది.

ఏప్రిల్ 10. ఈస్టర్ ముందటి శనివారం

ఈస్టర్ తినుబండారాల బుట్టకి ఫాదర్ చేత దీవెన ఇప్పించడానికి బూషాని చర్చికి నా కారులో తీసుకెళ్తానని మాటిచ్చాను. మాట నిలబెట్టుకున్నాను. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే కారు ఎడమకి లాగింది. బుట్టలో గుడ్లు దొర్లాయి, వెన్నతో చేసిన గొర్రెపిల్ల తల పోయింది. బూషా బుట్ట మీద గుడ్డ కప్పేసి, "దీవెనకి తీసుకెళ్ళేది గుడ్లనా, మనల్నా" అని అడిగింది. తిరిగి వచ్చేటప్పుడు రోమెక్ లారీ ఎక్కింది.

ఏప్రిల్ 24. శనివారం

ఇక మిగిలింది వెనక సీటు.

ఈ విషయంలో మాత్రం నేను అదృష్టవంతురాలిని. బూషా పంతొమ్మిదేళ్ళు ఈ బ్రిగాండ్లు తయారైన ఫ్యాక్టరీలోనే సీట్లు కుట్టింది. అక్కడి కుట్టు విభాగం మూసేసినప్పుడు తన మిషను కొనుక్కుని నేలమాళిగలో పెట్టుకుంది. ఎలుకలు వదిలిన పాత కవరు ఉతికి తెచ్చి బల్ల మీద పరిచాను. బూషా కళ్ళజోడు పెట్టుకుంది. కుడివైపు పైకుట్టు మీద వేలు పెట్టి, "ఇది నాది కావచ్చు" అంది. ఎడమవైపు కుట్టు చూసింది. అది మధ్యదాకా బాగానే వచ్చి, అక్కడ ఏదో జ్ఞాపకం వచ్చినట్టు పక్కకి జారిపోయింది.

"వాండా," అంది బూషా.

వాండా పిట్లాక్ పక్క మిషను మీద కుట్టేదట. ఎడమ సగాలన్నీ ఆమెవే. చెయ్యి మంచిదేనట, కళ్ళే సూది మీద ఉండేవి కాదట. సూపర్‌వైజరు మీద ఉండేవట. ఆయన అటు నడిస్తే కుట్టు అటు నడిచేదట.

"సూపర్‌వైజరెవరు?"

"మీ తాత."

వాండా నాలుగేళ్ళ క్రితం పోయింది. బూషా అంత్యక్రియలకి వెళ్ళింది. నిజంగా పోయిందో లేదో చూసి రావడానికి వెళ్ళానంది.

సాయంత్రానికల్లా బూషా కొత్త కవరు కుట్టేసింది. రెండు వైపులా కుట్లు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. మిషను ఆపి, దారం పంటితో తెంపి, కవరుని కాంతికి పట్టుకుని చాలాసేపు చూసుకుంది. ఇంత బాగా నా వైపు ఎప్పుడూ చూడలేదు.

మే 1. శనివారం

డాక్టర్ లోమాక్స్ ముందస్తు పరిశీలనకి వచ్చాడు. బ్రేకులు చూసి ఆనందించాడు. రంగు చార ముందు మోకరిల్లి, "ఇది నేర్పితే రాదు" అన్నాడు. నా గుండె నిండిపోయింది.

తరవాత వెనక సీటు.

"అయ్యో," అన్నాడు. పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకున్నవాళ్ళు వినకూడని అయ్యో అది.

ఆ ఏడాది మొదటి కార్లన్నిటికీ ఎడమ కుట్టు పక్కకి జారి ఉంటుందట. సంఘం వాళ్ళు ఎన్నో కార్లు చూసి రాసిపెట్టుకున్నారు. అది ఫ్యాక్టరీ సంతకం లాంటిదట. కుట్టు తిన్నగా ఉంటే సీటుకి మార్కులు పోతాయి, సీటుకి పోతే ధ్రువపత్రం పోతుంది. జూన్ ఆరున తీర్పు.

"ఎవరు కుట్టారోగాని, కాస్త ఎక్కువ బాగా కుట్టారు" అన్నాడు.

బూషా వంటింట్లో ఆయన కోసమే బంగాళాదుంప కూరిన పిరోగీలు వేయిస్తోంది.

మే 2. ఆదివారం

అడిగాను. ఆ ఒక్క కుట్టు కొంచెం పక్కకి వేస్తావా అని. కొంచెమేనన్నాను. ఆన్ ఆర్బర్ గురించి చెప్పాను. ఫ్యాక్టరీ సంతకం అన్న మాట కూడా వాడాను, వాడకుండా ఉండాల్సింది.

బూషా పిరోగీల మూకుడు తోముతోంది. తోమడం ఆపలేదు.

"కుట్టు వంకర పోతే నా జీతంలో కోసేవాళ్ళు. వాండా జీతంలో కోసేవాళ్ళు కాదు. ఎందుకో నీకిప్పుడు తెలుసు. ఇప్పుడు ఆ వంకరకి బహుమతి ఇస్తారా? ఇచ్చుకోండి. నా చేత్తో మాత్రం కుట్టను."

"బూషా, నా చదువు."

"నీ చదువు కోసం సీటు మొత్తం కుట్టాను. తిన్నగా కుట్టాను."

మే 3

బూషా చెప్పింది తన చేత్తో కుట్టనని. ఇంకెవరూ కుట్టకూడదని అనలేదు.

మే 4

అనలేదు. బాగా గుర్తు తెచ్చుకున్నాను.

మే 8. శనివారం

బూషా చర్చిలో బింగో ఆటకి వెళ్ళింది. మిషను నాకు కూడా కొంచెం వచ్చు. ఎడమ కుట్టు విప్పాను. విప్పడం కష్టమైంది, ఒక్కో కుట్టూ మొండిగా పట్టుకుంది. పాత కవరు పక్కన పెట్టుకుని, మధ్యదాకా తిన్నగా వచ్చి అక్కడ వదిలేశాను. వాండాలా కుట్టాలంటే ఎటో చూడాలి కదా. నేలమాళిగలో చూడ్డానికి ఎవరూ లేరు. నీళ్ళు కాచే బాయిలర్ని చూస్తూ కుట్టాను.

చక్కగా కుదిరింది.

ఇది మోసం కాదు. అసలు కారు ఇలాగే ఉండేది. మధ్యలో కొన్ని రోజులు తిన్నగా ఉంది, అంతే. నేను చేసింది పునరుద్ధరణ.

బూషాతో అబద్ధం చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మే 16

బూషా అడగలేదు.

మే 30

సీటు మీద దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కప్పి ఉంచుతున్నాను. దుమ్ము చాలా ఎక్కువగా ఉంది ఈ వేసవిలో.

జూన్ 6. ఆదివారం

మైదానం నిండా బ్రిగాండ్లు. వాటి చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని నడిచే మగవాళ్ళు. ఒకడు తన కారు కింద సుద్దతో గీసిన గీత ఫ్యాక్టరీ వాళ్ళదేనని ఇంకొకడితో ప్రమాణం చేస్తున్నాడు. తెలివైన పెద్దవాళ్ళంతా ఎవరి కారు ఎంత నిజాయితీగా చెడ్డదో పోటీ పడుతున్నారు. నేనూ పడ్డాను.

బూషా రానంటుందనుకున్నాను. పూలటోపీ పెట్టుకుని రోమెక్ లారీలో దిగింది. తన సీటు తీర్పు తనే వింటుందట.

డాక్టర్ లోమాక్స్ అద్దంతో కారు కింద దూరాడు, పైకొచ్చాడు, రంగు చారకి నమస్కారం పెట్టినంత పని చేశాడు. ప్లాస్టిక్ తీయమన్నాడు. తీశాను. ఆయన వెనక సీటు మీదికి వంగి, మధ్య దగ్గర వేలు ఆపి, చుట్టూ ఉన్నవాళ్ళని పిలిచాడు.

"చూడండి. ఫ్యాక్టరీ ఆత్మ ఇక్కడుంది. ఎవరో అజ్ఞాత కళాకారిణి చెయ్యి."

బూషా జనం మధ్యలోంచి ముందుకొచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది. చూసింది. నేను కారు టైరు వైపు చూశాను.

"అజ్ఞాతం కాదు. వాండా పిట్లాక్ అని ఒకావిడ. అది కళ కాదు, చూపు. ఈ సీట్లు పంతొమ్మిదేళ్ళు కుట్టాను నేను. కుట్టంటే తిన్నగా ఉండాలి."

"మీరు పొరబడుతున్నారమ్మా," అన్నాడు ఆయన చాలా మర్యాదగా. "మేం పరిశోధన చేశాం. తిన్నటి కుట్టు ఫ్యాక్టరీది కాదు."

"నేను ఫ్యాక్టరీలో ఉన్నాను బాబూ."

"జ్ఞాపకాలు మారిపోతుంటాయి."

"నీ పళ్ళు నువ్వు చూసుకో" అంది బూషా.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, కాగితం మీద సంతకం పెట్టి, నీలం రిబ్బను నా చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు. రెండేళ్ళ ఆన్ ఆర్బర్ నా చేతిలో ఉంది. గ్రాస్ పాయింట్ పెద్దమనిషి రేపు మధ్యాహ్నం వస్తానని అక్కడికక్కడే చెప్పాడు.

బూషా నన్నేమీ అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు. రోమెక్ లారీ తలుపు తీసి పట్టుకుంటే, అటు వెళ్ళకుండా వచ్చి నా కారు వెనక సీట్లో కూర్చుంది. టోపీ తీసి పక్కన పెట్టుకుంది.

పెద్దరోడ్డు ఎక్కబోతుంటే చిన్న చప్పుడు వినిపించింది. టక్. మళ్ళీ టక్. అద్దంలో చూశాను. బూషా చేతిసంచీలోంచి కుట్లు విప్పే కత్తెర తీసి, ఎడమ కుట్టు మీద వంగి, ఒక్కొక్కటీ తెంపుతోంది.

"బూషా. రేపు ఆయన వస్తాడు."

"రానీ."

"ధ్రువపత్రం వచ్చింది కదా, ఇప్పుడెందుకు?"

"అది వాండా కుట్టుకి ఎందుకు వచ్చింది?" అంది. ఇంకో కుట్టు తెంపింది. "రోడ్డు చూసి నడుపు."

ఆపి, కత్తెర లాక్కుని ఉండొచ్చు. కారు ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి ఆపలేదని ఇక్కడ రాద్దామనుకున్నాను. అది నిజం కాదు. దారం అంతా వచ్చేశాక ఆమె వంకర సూది తీసింది, తోళ్ళకి వాడేది. రెగ్జీను మీద వేలు మెల్లగా జరిపింది. "నా చిల్లులు ఇక్కడే ఉన్నాయి. ఎక్కడికి పోతాయి" అంది, తనలో తాను. వాటిలోంచే దారం పోనిచ్చింది.

నేను పెద్దరోడ్డు వదిలేసి చిన్న వీధుల్లోంచి నడిపాను. బ్రేకు తొక్కితే కారు ఎడమకి లాగుతుంది, సూది జారుతుంది. అందుకని ఎక్కడా గట్టిగా తొక్కకుండా, ప్రతి సిగ్నల్ దీపం దగ్గరా ముందే నెమ్మదించి, సైకిల్ తొక్కే ముసలాయన కూడా మమ్మల్ని దాటిపోయేలా నడిపాను. ఇంటికి చేరడానికి చాలాసేపు పట్టింది. సందులోకి తిప్పేసరికి దారం పంటితో తెంపిన చప్పుడు వినిపించింది.

జూన్ 7. సోమవారం

రోమెక్ ఉదయమే వచ్చి సీటు చూశాడు. ఎడమవైపు ఒక తిన్నటి కుట్టు, దాని పక్కన దారం లేని వంకర చిల్లుల వరస. సీటు మీద దుప్పటి పరిచేయమన్నాడు, కొనేవాడు కాగితం చూస్తాడుగాని సీటు చూడడన్నాడు. లోపల్నుంచి దుప్పటి తెచ్చి సగం పరిచాను. మళ్ళీ మడతపెట్టి పట్టుకెళ్ళి పెట్టేశాను. ఎందుకో రాయడానికి మాట దొరకలేదు. మాటలు ఏరుకోవడమే నా పని అయినా.

పెద్దమనిషి చెప్పిన వేళకే వచ్చాడు. సీటు చూశాడు. వంకర చిల్లుల మీద గోరు పెట్టి, ఇవేమిటన్నాడు.

ఫ్యాక్టరీవే అని చెప్పే వీలుంది. ఆయనకి కావలసింది కూడా అదే.

"అవి నేను వేసినవి. మీ తీర్పరి కోసం. ఈ కుట్టు మాత్రం మా బూషాది," అన్నాను.

ఆయన చాలాసేపు కాగితాన్నీ సీటునీ మార్చి మార్చి చూశాడు. కారు కావాలి, కాగితం మాత్రం ఇక పనికిరాదన్నాడు. సీటు తప్ప మిగతాదంతా యథాతథమే కాబట్టి తను అనుకున్నదాంట్లో సగం ఇస్తానన్నాడు. సగమంటే ఆన్ ఆర్బర్‌లో ఒక ఏడాది. తీసుకున్నాను. ఆయన బ్రిగాండ్‌ని నడుపుకుంటూ సందు మలుపు దాకా వెళ్ళి, బ్రేకు తొక్కి, ఎడమ వైపున్న కంచె దగ్గర ఆగి, దిగి చూసుకుని, మళ్ళీ ఎక్కి వెళ్ళాడు.

బూషా అప్పటికే తన కారు తాళాలు చేతిలో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది, గ్యారేజీ ఖాళీ అయిందో లేదో చూస్తూ. ఎంతిచ్చాడని అడిగింది. చెప్పాను.

"చూశావా," అంది తల ఊపుతూ. "చచ్చి నాలుగేళ్ళయినా ఆ వాండా నీ చదువులో ఒక ఏడాది మింగేసింది."

రాత్రి భోజనం దగ్గర ఆలోచించి చూస్తే, తప్పు చాలావరకు వాండాదే అనిపిస్తోంది.